గంటలో వస్తాను

ఆ సోమవారం ఉదయం గడియారాల మేస్త్రి పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి. తొమ్మిదిన్నరకి మునిసిపాలిటీ పెయింటర్ వస్తే ఒకే ఒక్క వాక్యం చెప్పి పంపించెయ్యాలి. "పక్క షట్టర్ జోలికి రాకండి." ఆ వాక్యాన్ని ఇంటి దగ్గర పళ్ళు తోముకుంటూ రెండుసార్లు అనుకున్నాడు. కొట్లోకి వచ్చాక గోడ గడియారాల ముందు నిలబడి మూడుసార్లు పైకి అన్నాడు. వాడక వాడక గొంతు పాత తలుపులా కిర్రుమంది.

ముప్పై ఏళ్ళపాటు ఆయనకి మాట్లాడాల్సిన అవసరం రాలేదు. పక్కదే భార్య టైలరింగ్ కొట్టు. రెండు కొట్లకీ మధ్య గోడలో అట్లాసు పుస్తకమంత కిటికీ ఉంది. మేస్త్రి దగ్గరికి ఎవరొచ్చినా ఆ కిటికీలోంచి ఆవిడే పలకరించేది, వాచీకి ఏమైందో ఆవిడే అడిగేది, మళ్ళీ ఎప్పుడు రావాలో ఆవిడే చెప్పేది. మేస్త్రి కంటికి భూతద్దం బిగించి చక్రాల మధ్య తలదూర్చి ఉండేవాడు. గడియారాలు నడిపేది ఆయన, కొట్టు నడిపేది ఆవిడ అని బజారంతా నవ్వేది.

ఏడాది కిందట ఒక మధ్యాహ్నం ఆవిడ గుండెలో బరువుగా ఉందంటూ షట్టర్ దించి, బట్టలమీద గీతలు గీసే సుద్దతో దానిమీద "గంటలో వస్తాను" అని రాసి ఆసుపత్రికి వెళ్ళింది. ఆ గంట ఇంకా పూర్తికాలేదు.

అప్పటినుంచి మేస్త్రి ఆ షట్టర్ ఎత్తలేదు. ఎత్తితే రేకు చుట్టుకుంటుంది, చుట్టుకుంటే సుద్ద చెరిగిపోతుంది. వానాకాలమంతా దానిమీద టార్పాలిన్ కట్టాడు. మిగతా రోజుల్లో పొడి బట్టతో చుట్టూ తుడిచాడు, అక్షరాలకి జానెడు దూరంలో.

ఈ సంగతి మునిసిపాలిటీకి తెలియదు. మునిసిపాలిటీకి తెలిసిందల్లా ఊరి నడిబొడ్డున ఉన్న ఈ పెద్దబజారు పాడుపడిపోయిందనే. బైపాస్ పక్కన పెద్ద మాల్ కట్టాక అరవై కొట్లలో పద్నాలుగు మిగిలాయి. పావురాలు రోడ్డు మధ్యలో తీరుబడిగా నడుస్తున్నాయి. మూసిన కొట్లు చూసే జనం రావడం మానేశారని పునరుద్ధరణ అధికారి తేల్చాడు. కాబట్టి ఏడాది దాటి మూసి ఉన్న ప్రతి షట్టర్ మీదా తెరిచిన కొట్టు బొమ్మ వేయించాలి. టైలరింగ్ కొట్టు మూతపడి ఏడాదీ నాలుగు రోజులు.

పెయింటర్ అంటే మీసాలాయన వస్తాడనుకున్నాడు మేస్త్రి. నిచ్చెన భుజాన వేసుకుని ఇరవై రెండేళ్ళ పిల్ల వచ్చింది.

"బాబాయ్, పదిహేడో నంబర్ షట్టర్ ఇదేనా? జాబితాలో కేకుల షాపని రాసుంది."

మేస్త్రి నోరు తెరిచాడు. అయిదుసార్లు సాధన చేసిన వాక్యం రాలేదు.

"కేకులేంటి? ఇది టైలరింగ్ కొట్టు."

"టైలరింగైతే టైలరింగే. వారం నుంచీ కేకులు గీసి గీసి నాకూ మొహం మొత్తింది. ఎవరు కుట్టేవారు?"

"మా ఆవిడ." షట్టర్ వైపు వేలు చూపించాడు. "ఆ అక్షరాలు పోకూడదు."

ఆ పిల్ల సుద్ద రాత చూసింది, మేస్త్రిని చూసింది. "చుట్టూ పలక గీసి, అది గోడకి వేలాడుతున్నట్టు పెడతా. పైన వార్నిష్ కొడితే వాన పడ్డా పోదు. మరి ఆంటీ ఎలా ఉండేవారో చెప్పు."

మేస్త్రి చెప్పాడు. వాచీ విప్పి ఒక్కొక్క భాగం బల్లమీద పెట్టినట్టు చెప్పాడు. మెడలో టేపు ఎడమవైపు పొడుగ్గా వేలాడాలి. జుట్టు ముడిలో పెన్సిల్. మూడు రోజులూ నిచ్చెన కింద నిలబడి దిద్దుబాట్లు చెబుతూనే ఉన్నాడు.

"కళ్ళద్దాలు ఇంకాస్త కిందికమ్మా. ముక్కు చివరికి."

"పడిపోవూ?"

"పడేవి కావు. పెదాల మధ్య రెండు గుండుసూదులు పెట్టు."

"అమ్మో! మరి మాట్లాడ్డం ఎలా బాబాయ్?"

"అవి పెట్టుకునే మాట్లాడేది."

బుధవారం సాయంత్రానికి షట్టర్ మీద కొట్టు తెరుచుకుంది. లోపల దీపం వెలుగుతోంది. ఆవిడ మిషన్ మీదికి వంగి కూర్చుంది, ఇప్పుడే తలెత్తి ఏదో అనబోతున్నట్టుగా. మేస్త్రి ఆ రాత్రి ఇంటికి వెళ్ళేముందు ఎదురు అరుగుమీద చాలాసేపు కూర్చున్నాడు.

గురువారం ఉదయం ఒక పెద్దమనిషి ప్యాంటు చంకలో పెట్టుకుని బొమ్మలోకి నడిచాడు. ఢాం అని శబ్దం వచ్చింది. నుదురు రుద్దుకుంటూ మేస్త్రి దగ్గరికి వచ్చాడు.

"తలుపు వేసుందా ఏంటండీ? మేడం ఉలకరు, పలకరు."

ఇక్కడ మేస్త్రి "అది బొమ్మండీ" అనాలి. అంటే "మరి మనిషేదండీ?" అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నకి జవాబు ఆయన ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

"బయటికెళ్ళింది," అన్నాడు.

"లోపల కనబడుతుంటే బయటికెళ్ళడం ఏంటండీ?"

"పని తొందరుంటే అంతే. గంటలో వస్తానని పలక పెట్టి లోపలే కూర్చుంటుంది. పిలిస్తే కోపం." ఇది మాత్రం అక్షరాలా నిజం. ఆవిడకి ఆ అలవాటు ఉండేది. "ప్యాంటు ఇచ్చి వెళ్ళండి. వచ్చే గురువారం రండి."

వాచీలకి కట్టే చీటీ ఒకటి ప్యాంటుకి కట్టి బల్లకింద పెట్టాడు. సాయంత్రం ఆ ప్యాంటుని ఏం చెయ్యాలో ఆలోచిద్దామనుకున్నాడు. సాయంత్రానికి బల్లకింద ఆరు చీటీలయ్యాయి.

వాటిలో చివరిది పరుపుల షాపాయనది. మేస్త్రిని కలవరపెట్టింది అదే. ఆ రోజు ఆవిడని ఆసుపత్రి నుంచి తన వ్యాన్‌లోనే ఇంటికి తెచ్చిన మనిషి. ఇప్పుడు తాపీగా వచ్చి దిండు గలీబు ఒకటి బల్లమీద పడేశాడు.

"ఏమోయ్ మేస్త్రీ, మీ ఆవిడకిచ్చి అంచు కుట్టించు. తొందరేం లేదు."

మేస్త్రి ఆయన మొహంలోకి చూశాడు. మతి చెడింది ఈయనకా, తనకా అన్నది తేలలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

"బయటికెళ్ళింది. గురువారం రా," అన్నాడు మెల్లగా.

"సరే, వస్తా," అని పరుపులాయన అక్కడే స్టూలు లాక్కుని కూర్చుని గంటసేపు తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పాడు.

మర్నాడు మందుల షాపావిడ తెల్లకోటు తెచ్చింది. ఫోటో స్టూడియో ఆయన నల్లగుడ్డ తెచ్చాడు. అందరూ ఆ రోజు ఆవిడని సాగనంపడానికి వచ్చినవాళ్ళే. ఒక్కొక్కరూ ఏమీ ఎరగనట్టే అడిగారు, గురువారం అనగానే తలూపారు. ఏడాదికే ఇంతగా మరిచిపోతారా? అయినా చీటీ కట్టాడు. మనుషులు ఒక కొట్టు ముందు గుంపుగా ఉంటే దారిన పోయేవాళ్ళు ఆగుతారు. ఆగినవాళ్ళకి ఆగిపోయిన వాచీ గుర్తొస్తుంది. వాచీ బాగయ్యేలోపు టీ తాగాలనిపిస్తుంది. సోమవారానికి మూడేళ్ళుగా మూసి ఉన్న టీ కొట్టు తెరుచుకుంది. పావురాలు రోడ్డు మధ్య నుంచి చూరుకి మారాయి.

బుధవారం పునరుద్ధరణ అధికారి వచ్చాడు. చేతిలో ఫైలు, మొహంలో విజయం. ముందు పక్క కొట్టు దగ్గర ఆగి చేతులు జోడించాడు.

"నమస్కారమమ్మా. పనిలో ఉన్నారు, లేవకండి, పర్వాలేదు." అని మేస్త్రి వైపు తిరిగాడు. "ఏం శ్రద్ధండీ! తల కూడా తిప్పలేదు. ఇలాంటివాళ్ళుండబట్టే బజారుకి కళ వచ్చింది."

"ఆవిడ బయటికెళ్ళిందండీ," అన్నాడు మేస్త్రి అలవాటుగా.

"ఇప్పుడే కదండీ నమస్కారం పెట్టాను!" అధికారి నవ్వాడు. "మళ్ళీ తెరిచిన మొదటి కొట్టు ఇదే. రేపు పదింటికి చైర్‌పర్సన్ మేడం స్వయంగా వచ్చి మీ ఆవిడకి షీల్డు ఇస్తారు. ఆవిడకి చెప్పండి, రేపొక్క రోజు తలెత్తమని."

బల్లకింద అప్పటికి ముప్పై ఒక్క చీటీలు. రేపు గురువారం.

ఆ మధ్యాహ్నం మేస్త్రి రెండు సంచులతో బస్సెక్కి మరదలి ఇంటికి వెళ్ళాడు. ఆవిడా టైలరే. అక్క దగ్గరే నేర్చుకుంది. తలుపు తీసి, బావని, సంచుల్ని మార్చి మార్చి చూసింది.

"ఏడాదిగా ఫోనెత్తలేదు. ఎత్తకపోతే పోనీ, బతికున్నానని ఒక్క మాట చెప్పలేదు. ఇప్పుడు బట్టలు మోసుకొచ్చారా బావగారూ?"

మేస్త్రి గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పాడు. ప్యాంటు, దిండు గలీబు, షీల్డు. మరదలు నవ్వబోయి ఆగింది, కోప్పడబోయి ఆగింది.

"రేపటికి కుట్టి పెడతావా అమ్మా?"

"కుడతాను. ఇక్కడ కాదు, అక్క మిషన్ మీద. పొద్దున్నే వస్తాను, షట్టర్ తీయండి."

"తీస్తే అక్షరాలు పోతాయి."

"వార్నిష్ కొట్టిందన్నారుగా ఆ పిల్ల?"

"వాన పడ్డా పోదంది. చుట్టుకుంటే పోదని అనలేదు."

మరదలు ఒక సంచి అందుకుని బరువు చూసింది. "పోతే పోయాయి బావగారూ," అంది. ఆ మాట అనడం ఆవిడకీ సులువు కాలేదు.

గురువారం పదింటికి బజారు నిండిపోయింది. చీటీల వాళ్ళు, వాళ్ళని చూసి ఆగినవాళ్ళు, నిచ్చెన లేకుండా వచ్చిన పెయింటర్ పిల్ల, పొద్దున్నే వచ్చి షట్టర్ ఎప్పుడు తీస్తారా అని చూస్తున్న మరదలు. చైర్‌పర్సన్ కారు దిగింది. అధికారి బొమ్మ ముందు వంగి, "అమ్మా, మేడం వచ్చారు," అన్నాడు. మళ్ళీ అన్నాడు. భుజం తట్టబోయి రేకు తగిలి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆయన మొహంలో కళ పోయింది.

"ఇది... మనం వేయించిందేనా?"

మేస్త్రి తాళం తీసి, వంగి, రెండు చేతులా షట్టర్ ఎత్తాడు. తుప్పు కేకపెట్టింది. ముందు పలక పైకి వెళ్ళి చుట్టుకుంది. తర్వాత ముక్కు చివరి కళ్ళద్దాలు, గుండుసూదులు, టేపు, చేతులు. అన్నిటికంటే చివర మిషన్ పెడలు. అది లోపలికి వెళ్ళిపోయేదాకా మేస్త్రి తల పైకెత్తే ఉన్నాడు. ఆవిడ వెళ్ళిపోవడం చూడటం ఆయనకిది రెండోసారి.

లోపల ఏడాది దుమ్ము ఉంది. మిషన్ మీద మేస్త్రి చొక్కా ఒకటి, సగం కుట్టిన కాలరుతో, సూది కింద అలాగే ఉంది.

"మరి మేడం ఏరండీ?" అంది చైర్‌పర్సన్, షీల్డు పట్టుకుని.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఈ వాక్యం ఆయన ఎన్నడూ సాధన చెయ్యలేదు. "చనిపోయిందండీ. ఏడాదీ పద్నాలుగు రోజులైంది."

బజారులో ఉన్న గడియారాలన్నీ వినబడ్డాయి. ఇక జనం మీదపడతారని, బట్టలు లాక్కుంటారని మేస్త్రి తల వంచుకుని ఎదురుచూశాడు. ఈలోగా మరదలు దుమ్ము దులిపి, సంచులు బల్లమీద గుమ్మరించి ఒక్కొక్కటే తిరగేస్తోంది.

"బావగారూ, ఈ గలీబుకి అంచు కుట్టే ఉంది. ఈ కోటుకి ఏమీ కాలేదు. ఈ నల్లగుడ్డకి అసలు చిరుగే లేదు. ముప్పై ఒకటిలో నిజంగా పనున్నవి నాలుగే!"

మేస్త్రి పరుపులాయన వైపు తిరిగాడు. పరుపులాయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నువ్వు ఎవరితోనో మాట్లాడావని మందుల షాపావిడ చెప్పిందోయ్. ఏడాదిలో మొదటిసారి. చూద్దామని వచ్చా. ఊరికే వస్తే భూతద్దం తియ్యవుగా? అందుకని గలీబు తెచ్చా."

"అందరూనా?"

"అందరం కలిసి అనుకోలేదు. ఎవరికి వాళ్ళం అనుకున్నాం." చెప్పుల మీంచి తలెత్తాడు. "బయటికెళ్ళింది, గురువారం రండి. అంతేలే నువ్వన్నది. అయినా బాగానే ఉండేది వినడానికి."

చైర్‌పర్సన్ షీల్డు మేస్త్రి చేతిలో పెట్టింది, ఇంకెవరికి ఇవ్వాలో తెలియక. మరదలు మిషన్ ముందు కూర్చుంది. నుదురు బొప్పికట్టిన పెద్దమనిషి ప్యాంటు పన్నెండింటికల్లా తయారైంది.

ఇప్పుడు ఆ కొట్టు రోజూ తెరుస్తున్నారు. మరదలు కుడుతుంది. కిటికీలోంచి ఆవిడ ఏదన్నా అడిగితే మేస్త్రి జవాబు చెబుతాడు, రెండు మాటల్లో, ఒక్కోసారి మూడు. సాయంత్రం షట్టర్ దించే పని మాత్రం ఎవరికీ ఇవ్వడు. మెల్లగా దించుతాడు. ముందు పెడలు, చివర పలక, వరసగా దిగుతాయి. మొదటిరోజు వేలితో ముట్టి చూశాడు. ఒక్క అక్షరం చెరగలేదు.

నెల తిరక్కుండా మునిసిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. పదిహేడో నంబర్ షట్టర్ మీద ప్రభుత్వ వ్యయంతో వేయించిన మహిళ బొమ్మ తనిఖీ సమయంలో కనబడలేదనీ, ఎక్కడికి వెళ్ళిందో వారం లోపల లిఖితపూర్వకంగా తెలపాలనీ.

మేస్త్రి వాచీ చీటీ ఒకటి తీసుకుని, "బయటికెళ్ళింది, గురువారం రండి" అని రాసి పంపించాడు.