దయాకర్ సారు మౌన దీక్ష

ఆ పొద్దున దయాకర్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మధ్యాహ్నం మూడింటికి పీహెచ్‌డీ వైవా. అప్పటిదాకా చెవిలో చప్పుడు, కంట్లో వెలుతురు, నోట్లో మాట పడకుండా చూసుకుంటే గట్టెక్కుతాడు. దేవుడు అతనికి మంచి బుర్రే ఇచ్చాడు గానీ దానికి తలుపులు పెట్టడం మరిచిపోయాడు. పక్కింట్లో కుక్కర్ కూతేస్తే ఇక్కడ ఇతని ఆలోచన ఎగిరిపోతుంది. కిందటి సెమినార్‌లో ఒక ప్రొఫెసరు పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తుంటే, తన పరిశోధనాంశం పేరే మరిచిపోయి నిలబడ్డాడు. వైవా కూడా అలాగే పోతే పార్ట్‌టైం లెక్చరర్‌గానే ముసలివాడవుతాడు. మద్రాసు నుంచి వచ్చే ఎగ్జామినర్ మళ్లీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

తార్నాకలో వాళ్లుండే అద్దె వాటాకు కింద పిండి గిర్ని, పైన ఇంటి ఓనరు కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీ. అందుకే దయాకర్ తెల్లారగానే క్యాంపస్‌కు బయల్దేరాడు. చెవుల్లో దూది, కళ్లకు నల్లద్దాలు, తలమీద తువాలు, ఒంటికి గుచ్చుకోకుండా ఉతికి ఉతికి మెత్తబడ్డ తెల్ల లాల్చీ పైజామా.

"రెండు ఇడ్లీలన్న తిని పోరాదు," అంది భార్య స్వరూప.

"వద్దు. కడుపు నిండితె నాకు గాబరైతది. చాయ్ గూడ వద్దు."

"నువ్వు వైవాకు పోతున్నవా, కండ్ల ఆపరేషన్‌కు పోతున్నవా?"

దయాకర్ జవాబివ్వలేదు. జవాబిస్తే సంభాషణవుతుంది, సంభాషణకు నరాలు ఖర్చవుతాయి.

ఉద్యోగులు పది దాటితే గానీ రారు గనుక, క్యాంపస్ మొత్తంలో ప్రశాంతమైన చోటు పరిపాలనా భవనం మెట్లు. దయాకర్ అక్కడ గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆ మెట్ల మీద తెల్లబట్టలు కట్టుకుని ఊరికే కూర్చున్నవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడన్న సంగతి అతని సున్నితమైన బుర్రకు తట్టలేదు.

నరేందర్‌కు తట్టింది. అతను విద్యార్థి నాయకుడు. సంఘం పెట్టి ఆరు నెలలైనా ఒక్క సమస్యా దొరక్క చిక్కిపోతున్నాడు.

"సార్, ఏందీ గీడ కూసున్నరు?"

మాట్లాడితే తల వేడెక్కుతుందని దయాకర్ కళ్లు తెరవకుండానే అరచెయ్యి ఎత్తాడు.

"మౌన దీక్ష," అన్నాడు నరేందర్, వెనకున్నవాళ్లతో భక్తిగా. "చాయ్ తాగుతరా సార్?"

దయాకర్ తల అడ్డంగా ఊపాడు.

"నిరాహారం గూడ."

మౌనం అర్ధాంగీకారమంటారు. యూనివర్సిటీలో అది పూర్తి అంగీకారం. గంట తిరిగేసరికి దయాకర్ నెత్తిన షామియానా లేచింది, మెడలో బంతిపూల దండ పడింది. క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్ నుంచి డప్పులొచ్చాయి. మైకు సరిగ్గా అతని చెవి పక్కనే కీచుమంది. దయాకర్ ఉలిక్కిపడి దూది పీకేశాడు.

"నరేందర్, నేను దీక్ష చేస్తలేను. నాకు మూడింటికి వైవా ఉన్నది. జర పోనియ్యి."

"సార్, నడుమల లేస్తె మా ఇజ్జత్ పోతది. ఎవరు బెదిరించిన్రో చెప్పుండ్రి."

"ఎవ్వరు బెదిరియ్యలే."

నరేందర్ మైకు అందుకున్నాడు. "సారును ఎంత గట్టిగ బెదిరించిన్రంటే, పేరు చెప్పనీకె గూడ భయపడుతున్నడు."

ఇంకేముంది, తరగతులు బంద్. డిపార్ట్‌మెంట్లకు తాళాలు. వైవా జరగాల్సిన గదికి అందరికంటే ముందు పడింది తాళం. ఈలోగా ఓనరింటికి ఫోనొచ్చి, స్వరూప ఆటోలో ఇడ్లీల డబ్బాతో దిగింది.

"ఇడ్లీ వద్దన్నప్పుడే నాకు అనుమానమైంది. పెండ్లాన్ని, నాకొక్క మాట చెప్తె అయితుండె గదా," అని కన్నీళ్లు పెట్టుకుంది. ఆమె ఏడుపు కూడా మైకులోనే వచ్చింది.

కట్టుకున్నదే నమ్మాక ఇక రిజిస్ట్రార్ నమ్మకుండా ఎట్లా ఉంటాడు. ఆయన నిమ్మరసం గ్లాసుతో సహా దిగివచ్చాడు. "ఏందయ్యా దయాకర్, నీ డిమాండ్ ఏంది?"

దయాకర్‌కు ఏడుపు ఒక్కటే తక్కువ. "నాకు నిశ్శబ్దం కావాలె సార్. గంతే."

క్షణం సేపు నిజంగానే నిశ్శబ్దమైంది. ఆ వెంటనే మూడు వందల గొంతులు, ఆరు డప్పులు ఒక్కసారిగా లేచాయి. "కావాలి, కావాలి, నిశ్శబ్దం కావాలి."

ఆ హోరులోనే మూడు కావస్తుండగా డిపార్ట్‌మెంట్ హెడ్డు, మద్రాసు ఎగ్జామినర్‌ను చెయ్యి పట్టుకుని షామియానా కిందికి తెచ్చాడు. గదులకు తాళాలు, ఆయనకు సాయంత్రం రైలు. వైవా అక్కడే కానివ్వక తప్పలేదు. పెద్దాయన గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న వేశాడు.

విచిత్రమేమిటంటే, ఆ ఘడియలో దయాకర్ బుర్ర అద్దంలా ఉంది. చెడిపోవడానికి ఇంకేమీ మిగలనందువల్ల కాబోలు, జవాబులన్నీ వరసగా నిలబడ్డాయి. నోరు తెరిచాడు.

"సారునే నిలదీస్తరా? ఎగ్జామినర్ డౌన్ డౌన్," అన్నారు జనం.

ఎగ్జామినర్ చెవులు మూసుకున్నాడు. ఆయన నుదుట చెమట, దారి వెతుకుతున్న చూపు. ఆ లక్షణాలన్నీ దయాకర్‌కు సొంతవే. పాపం అనిపించింది.

"సార్, జర ఆగుండ్రి, అందరిని సప్పుడు జేయకుండ కూసోబెడ్త. జవాబు చెప్త."

తెలుగు రాని ఆ పెద్దమనిషి దాన్ని బెదిరింపు అనుకున్నాడు. "వండర్‌ఫుల్ థీసిస్," అంటూ హెడ్డు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, ఆటో కోసం పరుగెత్తాడు. దయాకర్ డాక్టరయ్యాడు. నాలుగేళ్లు దాచుకున్న జవాబులు ఎవరికీ అక్కర్లేకపోయినందుకు మాత్రం గుండె కలుక్కుమంది.

రిజిస్ట్రార్ అక్కడికక్కడే పరిపాలనా భవనం చుట్టుపక్కలను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించాడు. ఈ ఘనవిజయానికి గుర్తుగా విద్యార్థులు డాక్టర్ దయాకర్‌ను జీపెక్కించి, రెండు బ్యాండుమేళాలతో, దారిపొడుగునా పటాకులు కాలుస్తూ తార్నాక చౌరస్తా దాకా ఊరేగించారు.