దుప్పి సిస్టర్‌కి పవళింపు సేవ

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ పెద్దదేం కాదు లెండి, ఈ చివర దగ్గితే ఆ చివర వినిపించేంత, దగ్గుమారి రోగం పడింది. జంతువులన్నీ బొరియల్లో దూరి తలుపులేసుకున్నాయి. కొండ కింది ఆసుపత్రి గుహ మాత్రం కిటకిటలాడిపోయింది.

అక్కడ సుగుణ అనే దుప్పి నర్సు. అందరికీ సుగుణ సిస్టర్. ఇంటి మొహం చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. ఒకరోజు ఆమె పిల్ల వాగు అవతల నిలబడి "అమ్మా!" అని కేకేసింది. సుగుణ ఉలిక్కిపడి, "ఏ మంచం?" అంది.

అన్నాక గానీ ఏమందో తెలియలేదు. భయం పట్టుకుంది. రోగం అంటుకుంటుందన్న భయం కాదు, బుర్ర చెయ్యి దాటిపోతోందన్న భయం.

తిన్నగా సూపరింటెండెంటు దగ్గరికెళ్లింది. ఆయన తొండ.

"సార్, నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే చాలు, పోయినవాళ్లంతా వచ్చి 'సిస్టర్, నీళ్లు' అంటున్నారు. ఏడుద్దామంటే ఈ ముసుగులో ముక్కు తుడుచుకునే దారి కూడా లేదు. నాలుగు రోజులు సెలవివ్వండి. లేకపోతే పిచ్చెక్కిపోతాను."

తొండ తల ఊపాడు. సుగుణకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడు మూట సర్దుకుని బయల్దేరితే గేటు దగ్గర ఆపేశాడు.

"నిన్న తల ఊపారు కదా సార్!"

"తొండనమ్మా నేను. తల ఊపడం మా జాతి లక్షణం. సరేనన్నానా?"

డాక్టరు ఎలుగుబంటి గారి పరిస్థితీ అంతే. తేనెపట్టు చేతిలో పెట్టుకుని, అదెందుకో మర్చిపోయి కూర్చునేవాడు.

సంగతి ఆరోగ్య మంత్రి నెమలి దాకా వెళ్లింది. "సెలవులా? ఇప్పుడా? అంతకంటే గొప్పది ఇద్దాం!" అన్నాడాయన. అంటే ఏమిటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. సన్మానం!

సభ పెట్టారు. మండుటెండలో దండ వేసి శాలువా కప్పితే సుగుణకు కళ్లు తిరిగాయి. నెమలి పురి విప్పి మైకు అందుకున్నాడు. "వీళ్లు నర్సులు కారు, డాక్టర్లు కారు. దేవతలు! సాక్షాత్తూ దేవతలు!" జంతువులు చప్పట్లతో అడవి దద్దరిల్లేలా చేశాయి.

"దండ బాగుంది సార్. మరి సెలవు?" అనడిగింది సుగుణ.

"ఎంత మాట! దేవతలు రెప్ప కూడా వేయరు. నిద్రెక్కడిదమ్మా?"

మర్నాడు భోజనం వచ్చింది. తొండ దాన్ని సుగుణ ముందు పెట్టి, గంట వాయించి, వెనక్కి లాక్కుని తనే తినేశాడు. "నైవేద్యమమ్మా. దేవతలకు చూపిస్తే చాలు."

అదిగో, అప్పుడు సుగుణకు ఒళ్లు మండింది. డాక్టరు చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి వెళ్లి గడియ పెట్టేసింది.

"పవళింపు సేవ!" అని లోపల్నుంచి అరిచింది. "దేవతలు పడుకున్నారు. దర్శనాల్లేవు."

"మరి రోగులో?" తొండ గావుకేక పెట్టాడు.

"దేవత పడుకుంటే గుడి చూసుకునేది పూజారులు. మమ్మల్ని దేవతల్ని చేసిన పూజారులు మీరే కదా! గుమ్మం పక్క మంచం మీద కుందేలు తాతకు నీళ్లు పడుతుండండి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే మాత్రం గంట కొట్టండి, లేస్తాం."

నెమలి పరుగెత్తుకొచ్చాడు. "బద్దలుకొట్టండిరా తలుపు!"

"అపచారం! అపచారం!" చెట్టు మీంచి కోతి లబలబలాడింది. "దేవత అన్నది మీరే కదండీ!" బొరియల్లోంచి జంతువులన్నీ అందుకున్నాయి.

చేసేదేముంది? మంత్రీ, తొండా వార్డులోకి నడిచారు. అడవిపంది నీళ్లడిగితే తొండ అలవాటుగా తల ఊపి వెళ్లిపోబోయాడు. అది తోక పట్టుకుని వెనక్కి లాగింది. నెమలి పురి పాపం బొక్కెనలో పడి తడిసి ముద్దయింది.

కుందేలు తాత మంత్రి రెక్క పట్టుకున్నాడు. "బతుకుతానా బాబూ?" అన్నాడు. ఉపన్యాసాలు దంచే మంత్రి సాయంత్రం దాకా ఆ రెక్క విడిపించుకోలేక అలాగే కూర్చున్నాడు. తర్వాత పొదచాటుకెళ్లి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఏడ్చి, వెనక గది తలుపు తట్టాడు. "సిస్టర్, నా వల్ల కాదు. ఆయన కళ్లు చూశాక ముద్ద దిగడం లేదు. నాకు సెలవిప్పించండమ్మా!"

లోపల్నుంచి రెండు గురకలు మాత్రం వినిపించాయి.

తెల్లారేసరికి దండోరా మోగింది. "ఆసుపత్రి సిబ్బంది దేవతలు కారనీ, శుద్ధ జంతువులేననీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. జంతువులు గనక వీరికి తిండి, నిద్ర, వంతులవారీ సెలవు, ఏడవడానికి ఒక గది ఇవ్వబడును. సెలవులో ఉన్నవారి బదులు మంత్రిగారూ సూపరింటెండెంటుగారూ బొక్కెనలు మోసెదరు."

సుగుణ బయటికొచ్చి అది విని, అందరి ముందే భోరుమని ఏడ్చింది. ఈసారి ఎవరూ దండ వేయలేదు.

నీతి: ఎవరైనా మిమ్మల్ని దేవత అంటే అక్కడికక్కడే ఖండించండి, సెలవు దొరికేది జంతువులకే.