ఎల్బీనగర్‌లో రాజమ్మ ఫాల్స్

ఆ సోమవారం పొద్దున వెంకటనర్సయ్య పెట్టుకున్న పని ఒక్కటే: తన దుకాణాన్ని ఫోన్లో పైకి ఎక్కించడం. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో, సొంతింటి కింది భాగంలో, 'రాజమ్మ ఫాల్స్ అండ్ పీకో' అని ఆయనకో దుకాణం ఉంది. చీర కుచ్చిళ్ళు తిన్నగా నిలబడేందుకు అంచు లోపల ఫాల్ గుడ్డ కుట్టడం, కొంగు అంచు పోగులూడకుండా పీకో చేయడం అక్కడి వ్యాపారం. కుట్టేది భార్య రాజమ్మ. నర్సయ్య కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. పోచంపల్లి దగ్గర మగ్గం నేసిన ఇంట్లో పుట్టాడు కాబట్టి, చీర గురించి తనకు తెలిసినంత కట్టుకునేవాళ్ళకు కూడా తెలియదని ఆయన గట్టి నమ్మకం.

అయితే కొంతకాలంగా ఆ నమ్మకం వినేవాళ్ళు తగ్గిపోయారు. ఎదురు వరసలో సుప్రియ అనే అమ్మాయి అద్దాల తలుపులతో డిజైనర్ స్టూడియో తెరిచింది. ఫోన్లో ఏం కొట్టినా ముందు ఆ అమ్మాయే వస్తోంది. చుట్టుపక్కల చీరలన్నీ నర్సయ్య కళ్ళ ముందే రోడ్డు దాటి ఆ అద్దాల వెనక్కి పోతున్నాయి. అంతకుముందు రోజే రాజమ్మ తేల్చి చెప్పేసింది.

"శ్రావణం దాక జూస్త. అప్పటికి గిరాకి లేకుంటె షటర్ దించుదం. మా తమ్ముడు రమ్మంటనే ఉన్నడు గద, పోయి గాడ చేరు."

తమ్ముడు జానయ్యకి బడంగ్‌పేట్‌లో ఫంక్షన్ హాలుంది. పెళ్ళిళ్ళకి వచ్చే కార్లను వరసలో పెట్టించడానికి నమ్మకమైన మనిషి కావాలట. "నువ్వొస్తె పార్కింగ్ మొత్తం నీదే బావా" అని రాజ్యం రాసిచ్చినట్టు చెప్పాడు. తన పెళ్ళిలో ముక్కు కారుతూ లడ్డూల గంప చుట్టూ తిరిగిన పిల్లాడి దగ్గర, ఈ వయసులో చేతులూపుతూ నిలబడాలా? బామ్మర్ది కింద పనిచేయడం కంటే మూసీలో దూకడం నయమనిపించింది నర్సయ్యకి. కానీ అందులో దూకడానికి కూడా మనసొప్పలేదు, ఆ వాసనకి.

అందుకే పై వాటాలో అద్దెకుండే బాపిరాజుని పిలిచాడు. భీమవరం నుంచి వచ్చిన బాపిరాజు మొదట ఇన్సూరెన్సు పాలసీలు అమ్మాడు, తర్వాత ప్లాట్లు అమ్మాడు, రెండూ కలిసిరాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో చేరి వెబ్‌సైట్లను పైకి లేపే విద్య నేర్చుకున్నాడు. సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి టీవీ మీద వేలాడదీశాడు గానీ, ఆ విద్య ప్రయోగించడానికి ఇంతవరకూ ఒక్కరూ దొరకలేదు. నర్సయ్య అడగ్గానే ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మెట్లు దిగేశాడు.

"అంతా కీవర్డులో ఉందండి నర్సయ్య గారూ. జనం ఏ మాట కొడుతున్నారో ఆ మాట మన పేజీ నిండా కూరేయాలి. ఇంతకీ మన మాటేంటండి?"

"ఇంకేముంటది సారు? ఫాల్స్."

బాపిరాజు ఆ మాట కొట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశాడు. "బాబోయ్! ఈ ఊళ్ళో ఫాల్స్ కోసం ఎంతమంది వెతుకుతున్నారో చూడండి. లక్షలండి, లక్షలు!"

"గంతమందా? అందరు డ్రెస్సులే ఏస్తుండ్రనుకున్న. చీరలు మళ్ల లేసినయన్నట్టు!"

"ఇదిగో, వీకెండ్ ఫాల్స్ అని కొడుతున్నారు."

"అంటె?"

"ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళండి. శని, ఆదివారాలే కదా వాళ్ళకి తీరిక. ఇదేమో వన్ డే ఫాల్స్."

"ఒక్కరోజుల కుట్టియ్యుమని. అర్జెంటు గిరాకి. రాయి, రాయి."

"మాన్సూన్ ఫాల్స్ అని కూడా తెగ కొడుతున్నారండోయ్."

నర్సయ్య కాస్త ఆలోచించాడు. "వానల తడిసినా రంగు దిగని ఫాల్ అయ్యుంటది. మా దగ్గరున్నది. రాయి."

జలపాతమన్న ముక్క ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. నర్సయ్యకి ఫాల్ అంటే పుట్టి బుద్ధెరిగాక ఒక్కటే. బాపిరాజుకేమో మాటకి అర్థం చూడొద్దు, అంకె చూడమని కోచింగులో చెప్పారు. ఆయన బుద్ధిగా అంకే చూశాడు. 'హైదరాబాద్ దగ్గర కుటుంబ సమేతంగా రాజమ్మ ఫాల్స్' అని మొదలుపెట్టి పేజీ నింపేశాడు. దుకాణం ఏ కోవలోకి వస్తుందో ఎంచుకోమంటే, బయటూళ్ళ వాళ్ళు కూడా వస్తారన్న ముందుచూపుతో పర్యాటక స్థలం అన్నదాని మీద నొక్కాడు.

ఇక ఫొటో కావాలన్నాడు. ఫాల్ గుడ్డని ముందే నానబెట్టి ఆరేయకపోతే, కుట్టాక తడిసి ముడుచుకుపోయి చీరని కూడా లాగేస్తుంది. అందుకని రాజమ్మ రాత్రే తెల్లగుడ్డలు నానబెట్టి, పొద్దున్నే మిద్దె పిట్టగోడ మీంచి బారుగా కిందికి వేలాడదీసింది. గాలికి అవన్నీ ఒక్కసారి రెపరెపలాడుతుండగా బాపిరాజు సందులోంచి తల ఎత్తి ఫొటో కొట్టాడు. ఫొటో చూసి నర్సయ్యే మురిసిపోయాడు.

గురువారం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నర్సయ్య మీసం సవరించుకుని మరీ ఎత్తాడు.

"హలో, రాజమ్మ ఫాల్సేనా అండి? ఇప్పుడు నీళ్ళున్నాయా?"

"నీళ్ళు లేకుంటె ఎట్లమ్మా? రాత్రంత నీళ్ళల్ల నానినంకనే ఇస్తం."

"లోతెంతుంటుందండి?"

ఇంత చదువుకున్నట్టు మాట్లాడుతోంది, గుడ్డ పన్నాని, అంటే వెడల్పుని, లోతు అంటోందేమిటనుకున్నాడు నర్సయ్య. "ఐదు ఇంచులు."

"అంతేనా! అయితే పిల్లలకి భయం లేదన్నమాట. పైనుంచి బాగా పడుతుందా?"

"మంచిగ పడ్తదమ్మా! పడ్తది గాబట్టే గద దాన్ని ఫాల్ అంటరు."

"బట్టలు మార్చుకోవడానికి చోటుంటుందా?"

"కట్టుకొని జూసుకోనీకి పక్క రూమున్నది. అద్దం గూడ పెట్టినం."

"మరి మా వారూ వాళ్ళూ కూడా రావచ్చా?"

నర్సయ్యకి నవ్వొచ్చింది. "మొగోళ్ళకేం పని తల్లీ గీడ? ఆడోళ్ళకే."

ఒకళ్ళు పెట్టేస్తే ఇంకొకళ్ళు. అందరివీ అవే ప్రశ్నలు, అందరికీ అదే జవాబు. శనివారానికి బాపిరాజు మెట్ల మీంచే కేకేశాడు, "ఒకటో నంబరండీ! ఫాల్స్ అని కొడితే మనమే!" నర్సయ్య ఎదురుగా ఉన్న అద్దాల తలుపుల వైపు జాలిగా చూసి, భార్య వినేలా "బడంగ్‌పేట్‌కు ఇంకో మనిషిని జూసుకొమ్మను" అన్నాడు.

ఆదివారం పొద్దున షటర్ ఎత్తేసరికి సందు నిండా కార్లు, ఆటోలు. దిగుతున్నవాళ్ళంతా ఆడవాళ్ళే. చేతుల్లో క్యారియర్లు, భుజాల మీద తువ్వాళ్ళు. పిల్లల నడుములకి గాలి కొట్టిన రబ్బరు ట్యూబులు. మగవాళ్ళు స్టీరింగు వదల్లేదు. "లేడీస్‌కే అన్నారుగా, సాయంత్రం వచ్చి తీసుకెళ్తాం" అంటూ, ఎక్కడ వెనక్కి పిలుస్తారోనని కార్లు తిప్పుకుని మాయమయ్యారు. నర్సయ్య ఇంకా నోరు తెరవనే లేదు.

మూసారాంబాగ్ నుంచి వచ్చిన హనుమాయమ్మ అందరికంటే ముందు నిలబడింది. పెద్దావిడ, చేతిలో పులిహోర గిన్నె. "ఏవయ్యా, ఫాల్స్‌కి దారెటు?"

"గిదే అమ్మా."

"ఇది కొట్టు కదయ్యా. ఫాల్స్ ఏవీ?"

నర్సయ్య నవ్వు మొహంతో అరలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పరిచాడు. "ఏ రంగు గావాలె?"



"నీళ్ళేవయ్యా?" అంది హనుమాయమ్మ నెమ్మదిగా.

"నీళ్ళా? బకిట్ల ఉన్నయి." నర్సయ్య ఫాల్ గుడ్డలు నానుతున్న బకెట్టు ముందుకి జరిపాడు. ట్యూబు వేసుకున్న ఒక పిల్లాడు వంగి అందులోకి చూసి బావురుమన్నాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళు అందుకున్నారు. ఎవరో ఫోన్లో ఫొటో తెచ్చి నర్సయ్య ముక్కుకి ఆనించారు. కొండ మీంచి దూకుతున్న తెల్లటి నీళ్ళు. కాసేపటికి గానీ ఆ కొండ తన పిట్టగోడేనని ఆయన పోల్చుకోలేకపోయాడు. విషయం బుర్రకెక్కాక బకెట్టు గబగబా వెనక్కి జరిపాడు.

అంతలో గోరుచుట్టు మీద రోకటిపోటులా, సందు చివరింటి ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "ఉండె, ఉండె! నా చిన్నతనంల గీడ పెద్ద ఫాల్స్ ఉండె. నేను ఈత గొట్టిన. గీళ్ళే ఇండ్లు గట్టి కబ్జా జేసిండ్రు!" ఆయన పుట్టింది, పెరిగింది నల్లగొండలో. కబ్జా అన్న మాట వినబడితే మన ఊళ్ళో అవన్నీ ఎవరు అడుగుతారు? అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీయడం మొదలుపెట్టారు.

నర్సయ్య పైకి పరిగెత్తాడు. "సారూ, తీసెయ్యి! ముందుగాల దాన్ని తీసెయ్యి!"

"ఎలా తీయమంటారండి?" బాపిరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒకటో నంబరండీ! మా బ్యాచ్‌లో ఇంతవరకూ ఎవరికీ రాలేదండి!"

ఆయన మెడ పట్టుకోవాలా, కాళ్ళు పట్టుకోవాలా అని నర్సయ్య తేల్చుకునేలోపు ఫోను మోగింది. జానయ్య. వీడియో అప్పుడే బడంగ్‌పేట్ చేరింది. "బావా, నీళ్ళు వొయ్యే నాలా మీద ఇల్లు గట్టినవంట గద? కూలగొడ్తరంటుండ్రు. పోనీలే, పరేషాన్ గాకు. రేపటి సంది ఒచ్చెయ్. నీ చేతులకు తెల్ల గ్లౌజులు గూడ తెచ్చి పెట్టిన."

నర్సయ్య మెట్ల మీద కూలబడిపోయాడు. ఇల్లు కూల్తుందన్న భయం కంటే ఆ గ్లౌజులే ఆయన గుండెలో గుచ్చుకున్నాయి. నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు లేచింది రాజమ్మ, మిషను మీద నుంచి. "ఆడోళ్ళను, పోరగాళ్ళను ఎండల నిలవెట్టినవేందయ్యా? మొగుళ్ళు ఒచ్చేదాక యాడికి పోతరు? మిద్దెక్కుండ్రమ్మా." మిద్దె మీద ఉతికి ఆరేసిన చీరల నీడ ఉంది. రాజమ్మ కూలరు పైకి ఎక్కించింది, చాపలు పరిచింది, పిల్లల మీదికి నీళ్ళ పైపు తిప్పింది.

నర్సయ్య కింద షటర్ సగం దించుకుని పోలీసుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పైనుంచి మొదట కేకలు వినిపించాయి. తర్వాత మాటలు. మధ్యాహ్నానికి విరగబడి నవ్వులు. ఏం జరుగుతోందో చూద్దామని పైకి వెళితే మిద్దె తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"ఎవరూ?" అంది లోపల్నుంచి హనుమాయమ్మ గొంతు.

"నేనమ్మా. ఓనర్ని."

"లేడీస్‌కే అని నువ్వే చెప్పావు కదయ్యా ఫోన్లో!"

సాయంత్రం మొగుళ్ళు వచ్చి హారన్లు కొట్టారు. ఆడవాళ్ళు ఒక్కరూ మిద్దె దిగలేదు. పులిహోర తిని, కునుకు తీసి, లేచి కబుర్లలో పడ్డారు. పొద్దుట్నుంచి ఒక్క మగాడూ టీ పెట్టమనలేదు, ఒక్కడూ నా కళ్ళజోడెక్కడని అడగలేదు. చీకటి పడుతుంటే బలవంతాన దిగి వెళ్ళారు. కూలగొట్టేవాళ్ళూ రాలేదు, పోలీసులూ రాలేదు. వచ్చినవి నక్షత్రాలు. బాపిరాజు ఫోను పట్టుకొచ్చి, రాజమ్మ ఫాల్స్ పేజీ కింద హనుమాయమ్మ రాసింది చదివాడు: 'నీళ్ళు లేవు. మగవాళ్ళూ లేరు. అయిదు నక్షత్రాలు.' కింద ఇంకా బోలెడుమంది అదే మాట రాశారు.

మరుసటి ఆదివారం వాళ్ళంతా మళ్ళీ వచ్చారు, చుట్టాలనీ పక్కవాటా వాళ్ళనీ వెంటేసుకుని. ఊరికే రావడం దేనికని బీరువాల్లో మూలుగుతున్న చీరలన్నీ ఫాల్స్‌కి పట్టుకొచ్చారు. శ్రావణం పెళ్ళిళ్ళ చీరలు దానికి తోడయ్యాయి. రాజమ్మ ఇంకో రెండు మిషన్లు వేయించింది. ఎదుటి అద్దాల తలుపుల సుప్రియ కూడా క్యారియర్ పట్టుకుని మిద్దెక్కింది.

"దుకాణం నిలవడ్డది సూడు!" అని ఒక ఆదివారం పొద్దున నర్సయ్య కుర్చీ తుడుచుకోబోయాడు.

"నిలవడ్డది గని, నువ్వు ఇయ్యాల బయటికి పో," అంది రాజమ్మ. "ఆడోళ్ళకే అని పేరు వడ్డది. గీడ మొగోడు కనవడ్డడంటె నక్షత్రాలు వోతయి."

"దుకాణం నాదే!"

"బోర్డు మీద పేరెవలది?"

నర్సయ్య బోర్డు వైపు చూశాడు. తనూ మగాడేనని గుర్తొచ్చిన బాపిరాజు అప్పటికే ల్యాప్‌టాప్ సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని సందు మలుపు తిరుగుతున్నాడు. ఆదివారం పూట పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఒక మనిషి ఎక్కడ ఉండగలడు? నర్సయ్య మెట్రో మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. చివరికి బడంగ్‌పేట్ వెళ్ళే షేర్ ఆటో ఎక్కాడు. జానయ్య హాల్లో ఆ రోజు పెద్ద పెళ్ళి. గ్లౌజులు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

దుకాణం మూతపడితే బామ్మర్ది దగ్గర చేరాలన్నది ఒప్పందం. బాగా నడిస్తే చేరనక్కర్లేదని మాత్రం ఎవరూ అనలేదు.