పొగలు చిమ్మిన పరిశోధన

"మానవజాతిని పీడించే రోగాలన్నిటికీ ఈ భవనమే సమాధి!" అని డైరెక్టరుగారు ప్రారంభోత్సవంనాడు ప్రకటించారు. ఆ వైద్య పరిశోధనా సంస్థ లాభాపేక్ష లేనిది. ఫలితాపేక్ష కూడా లేదన్న సంగతి బయటపడడానికి ఆరేళ్లు పట్టింది.

అక్కడ రక్తనమూనాలు భద్రపరిచే ఉద్యోగం స్వెట్టరమ్మది. మండుటెండల్లోనూ స్వెట్టరు విప్పదు గనక అందరూ అలా పిలిచేవారు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు వందలమంది రోగుల రక్తం ఆమె చేతులమీదుగా చేరింది. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు వాళ్లది. పద్నాలుగో పెట్టెలో ఉన్నది ఆమె తమ్ముడి రక్తం. "నాకెలాగూ పనికిరాదులే అక్కా, రేపు ఎవడికో పనికొస్తుంది" అన్నాడు. సూది గుచ్చేటప్పుడు వాడి చెయ్యి ఎత్తి పట్టుకున్నది ఆమే. ఏడాది తిరక్కుండానే వాడు పోయాడు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. అబద్ధం! ఆ ఫ్రీజర్ తలుపు తీస్తే చాలు, చల్లటి తెల్లటి పొగ భుగభుగమని వచ్చేది. మొదటి దాత అది చూసి "ఆహా!" అన్నాడు. అంతే, సంస్థకు అదే ఆచారమైపోయింది. దాతలు వస్తే తలుపు తియ్యాలి. దాతల బావమరుదులు వస్తే తియ్యాలి. ఫొటో సరిగా రాలేదంటే మళ్లీ తియ్యాలి. శాస్త్రవేత్తలు మైక్రోస్కోపుల ముందు గంభీరంగా కూర్చోవడంలో తలమునకలుగా ఉండేవారు.

"సార్, మాటిమాటికీ తీస్తే వేడి తగిలి రక్తం పాడైపోతుందండీ!" అని స్వెట్టరమ్మ మొత్తుకుంది.

"పొగ రాకపోతే పరిశోధన జరుగుతున్నట్టు ఎలా తెలుస్తుందమ్మా?" అన్నారు డైరెక్టరుగారు, ఆమె అమాయకత్వానికి జాలిపడుతూ.

చెవిటివాడి ముందు శంఖం ఊదుతూ కూర్చునే ఓపిక ఆమెకు లేదు. రెండో ఏడు ఒక సెలవురోజున పెట్టెలన్నీ జనరేటర్ గది పక్కనున్న పాత ఫ్రీజర్‌లోకి మార్చేసింది. దాని రంగు ఊడింది, ఒళ్లంతా సొట్టలు, చల్లదనం మాత్రం అంతే. దాతలెవరూ అటు తొంగిచూడరు. మార్చిన సంగతి రిజిస్టరులో రాసి డైరెక్టరుగారి ముందు పెడితే ఆయన చదవకుండా సంతకం చేశారు. హాల్లోని కొత్త ఫ్రీజర్ ఖాళీ కడుపుతోనే పొగ చిమ్ముతూ వచ్చింది. నాలుగేళ్లు ఒక్కరికీ తేడా తెలియలేదు!

ఆరో ఏడు పెద్ద దాత పోయి, ఆయన కూతురు పాలకమండలిలోకి వచ్చింది. వచ్చీరాగానే అడక్కూడని మాట అడిగేసింది.

"ఇంతకీ మీరు ఏం కనుక్కున్నారు?"

"పన్నెండు వేలమంది సందర్శకులు..." అని డైరెక్టరుగారు అందుకున్నారు. నెల తిరక్కుండా, "లక్ష్యాలన్నీ నెరవేరినందున" సంస్థ మూసివేయబడుతున్నదని నోటీసు అంటించారు. నమూనాలు పారేయమన్నారు.

ఆ మాట వినగానే స్వెట్టరమ్మ బయల్దేరింది. అదే జబ్బుమీద పనిచేస్తున్న ఒక డాక్టరమ్మ ఇంటికి వెళ్లి, నమూనాలు తీసుకోవడానికి సరేననేదాకా గుమ్మం కదల్లేదు. దాత కూతురు కూడా ఒప్పుకుంది. ఆఖరి రోజున డాక్టరమ్మ ఫ్రీజర్ వ్యాను తెచ్చింది, వెనకే విలేకరులు వచ్చారు. విలేకరుల్ని చూడగానే డైరెక్టరుగారు కోటు తొడుక్కున్నారు.

"ఆ నమూనాలు నా కన్నబిడ్డలు! రండి, హాల్లో ఉన్నాయి!"

"హాల్లో లేవండీ" అంది స్వెట్టరమ్మ మెల్లగా. "నాలుగేళ్లయింది మార్చి. మీరే సంతకం పెట్టారు."

కన్నతండ్రి వెంటనే ఆమె వెనకాలే జనరేటర్ గది దాకా నడిచారు. పాత ఫ్రీజర్ పక్కన నిలబడి టై సవరించుకున్నారు.

"తలుపు తియ్యి. కొంచెం పొగ రానీ."

స్వెట్టరమ్మ తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "తియ్యను. పెట్టెలు వ్యాను ఎక్కించేటప్పుడే తీస్తాం, అదీ ఒక్కసారే."

"ఎవరితో మాట్లాడుతున్నావు? ఉద్యోగం పోతుంది!"

"సంస్థే పోయింది కదండీ. ఇంకా ఉద్యోగం ఎక్కడ మిగిలింది?"

డాక్టరమ్మ కిసుక్కున నవ్వింది. డైరెక్టరుగారు విలేకరుల్ని వెంటబెట్టుకుని చరచరా హాల్లోకి వెళ్లిపోయారు. ఇక్కడ స్వెట్టరమ్మ పెట్టెలు ఒక్కొక్కటే అందించింది. పద్నాలుగో పెట్టె దగ్గర "వెళ్లిరారా" అని గొణిగి, దాన్ని కూడా ఇచ్చేసింది.

మర్నాడు పేపర్లో పెద్ద ఫొటో పడింది. కోటులో డైరెక్టరుగారు, బార్లా తీసిన హాల్లోని ఫ్రీజర్, దాన్నిండా పొగ, ఆ పొగ సందుల్లో ఖాళీ అరలు. "తన ఆరేళ్ల పరిశోధనా ఫలితాన్ని చూపుతున్న డైరెక్టరు" అని కింద రాశారు.

స్వెట్టరమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఎంత వెతికినా అందులో ఒక్క అబద్ధం దొరకలేదు.