దర్జీవీరుని శయనకవచ భంగము

శుభకరంబగు శనివార ప్రభాతంబున, పాలప్యాకెట్ల సందడి సద్దుమణిగి కుళాయికాడి తగవులు ఇంకను మొదలుకాని ఆ పవిత్ర సంధికాలమున, మందులషాపునకును చెప్పులకొట్టునకును నడుమ ఇరుక్కున్న మూరెడు దుకాణమున, సూచీధరుడును, కర్తరీపాణియును, టేపుకంఠాభరణుడును, వీధిలో సగంమంది నడుముల రహస్యమెరిగినవాడును అగు దర్జీమహావీరుని గాథ చెప్పెద, వినుడు. వినకున్నను చెప్పెదను. ఇంతటి ఘనకార్యము చూచి నా నోరూరకుండదు.

పెండ్లియైన కొత్తలో ఆ మహానుభావుడు ఇల్లాలికొక వరమిచ్చెను: ఒక్క రాత్రి కొండమీద నిద్రచేసి వత్తమని. ఆ వరము పెండ్లిండ్ల ఆర్డర్లచే ఒకయేడు, బడిపిల్లల యూనిఫారములచే మరొకయేడు వాయిదాపడుచు, పాతగుడ్డల మూటలో అడుగునకు చేరినది. జాకెట్లిచ్చినవారికి "రేపు రండి" అని పలికి పలికి అరిగిన నాలుకకు ఇంటిదానికి అదే మాట చెప్పుట ఒక లెక్కా! ఈసారి మాత్రము ఆ సాధ్వి కాజాలు కుట్టుచు, తలయెత్తకయే పలికెను.

"శనివారం నేను బస్సెక్కుతున్నా. మీరొస్తే సరే. రాకపోతే ఇంకెప్పుడూ మిమ్మల్ని అడగను."

ఆమె అరచియుండినచో మన వీరుడు బెదరకుండెడివాడు. అరవలేదు గనుక గుండె జారినది.

అంతట వ్యూహరచనకు గడంగెను. మొదటి కొండకు రెండు బస్సులు మారవలెనని తెలిసి దానిని తిరస్కరించెను. రెండవదానిపై జలగలున్నవని విని దాని పేరెత్తినవారిని కసరెను. తుదకు, బస్సు సరిగా పాదముచెంతనే ఆగునదియు, పసిపిల్లలు సైతము ఆడుచుపాడుచు ఎక్కునదియు, శిఖరమున రేకులకప్పు గల మంటపమొకటి ఉన్నదియు అగు ఒక గుట్టను, గుట్టనా, బొడిపెను, వరించెను. దానికి పొద్దుట పోవు బస్సొక్కటే; మరునాడు అదే తిరిగి తెచ్చును. ఇక టేపు చేతబట్టి, స్టాండులో నిలిచిన బస్సున బోర్లపడి, తన మూట పట్టునో లేదోయని సీటుక్రింది ఖాళీ కొలువగా, కండక్టరు ఏం పోగొట్టుకున్నావని అడిగెను. సిగ్గు అనదగును గాని, అది ఎన్నడో పోయినది. ఈలోపల ఇల్లాలు రొట్టెలు, నీళ్ళసీసా, టార్చి ఒక్క సంచిలో సర్ది గడపప్రక్కన పెట్టి తన పని తాను చూచుకొనుచుండెను.

శిఖరమున చలియట! లోన దూరి పడుకొను దుప్పటిసంచి బజారులో దొరకును. కాని కొన్న సంచిలో పడుకొన్నచో తన చేతికేమి విలువయని మహావీరుడు తానే కుట్ట సమకట్టెను. అద్దము ముందర నిటారుగా నిలిచి, ఊపిరి బిగబట్టి, బొజ్జ లోనికి లాగి కొలతలు తీసికొనెను. లూజు అనుమాట అతని శాస్త్రమున బూతు. నిద్రించువాడు కాలు ముడుచుననియు, ప్రక్కకు దొర్లుననియు, ముఖ్యముగా ఊపిరి విడుచుననియు ఆ బుర్రకు తట్టనేలేదు. తుదకు పామునకు కుబుసమువలె ముడతయొక్కటియు లేని ఆ శయనకవచము సిద్ధమాయెను. దానిని చూచి మురిసిన మురిపెము పెండ్లినాడు పెండ్లికూతురిని చూచియు మురియలేదు.

శనివారము రానేవచ్చెను. ఇల్లాలు చెప్పులు తొడిగి సంచి భుజాన వేసికొనినది. అప్పుడా పుణ్యాత్ముడు, ట్రయలు చూడని బట్ట గడప దాటరాదని శాసించి, కవచమున దూరి, జిప్పు గడ్డముదాక లాగెను. జిప్పు చొక్కా కాలరును కరచిపట్టెను. చేతులు లోననే బందీలైనవి. క్రిందికి తోయలేడు, పైకి రాలేడు. పొర్లి కుట్టుమిషను కాలికి తల మోదుకొనెను. అంతలో వీధిమలుపున బస్సు హారను మ్రోగెను. నేలబడిన వీరుడు, తన కుట్టుపై ఇంతవరకు పరాయి కత్తెర పడలేదనియు, తన ప్రాణముండగా పడబోదనియు గర్జించెను. సంచిలోనుండి వచ్చుటచే ఆ గర్జన మూలుగువలె వినబడినది.

ఆమె గోడనున్న పెద్ద కత్తెర తీసికొనెను.

"కొయ్యమంటారా, వెళ్ళమంటారా?"

అతడామె ముఖము చూడలేదు. నేలమీదివానికి కానవచ్చినవి ఆమె కాళ్ళే. అవి అప్పటికే వాకిలివైపు తిరిగియున్నవి.

"కొయ్యి," అనెను. మరుక్షణమే, "కుట్టు పాడుకాకుండా, పక్కనుంచి..." అని నసిగెను.

ఆమె నట్టనడుమ కోసినది.

పిదప పరుగులు, కేకలు, కండక్టరు తిట్లు. బస్సు దొరికినది. వెనుక సీటు దొరికినది. కిటికీ అద్దము మూతపడదు, గాలి ఈటెలై పొడుచుచున్నది. వీరుడు మూతి ముడిచి కూర్చుండగా, ఆమె ఆ కోసిన కవచమును వెడల్పుగా విప్పి ఇద్దరి మోకాళ్ళపై కప్పినది.

"ఒక్కరికి చాల్లేదు కానీ, చూడండి, ఇద్దరికీ సరిపోయింది."

తనవైపు జానెడు తక్కువయని అతని కన్ను క్షణములో కొలిచెను. నోరు మాత్రము, జీవితమున మొదటిసారి, మూసికొనియే యుండెను.

కావున జయభేరులు మ్రోయింపుడు, తోరణములు కట్టుడు! కొండ ఎక్కెనా యని అడుగకుడు. బొడిపె ఎక్కుట ఏమి గొప్ప? ఇన్నేండ్లకు, ఇన్ని "రేపు రండి"ల తరువాత, ఒక మగవాడు ఇచ్చిన మాటకై భార్యతో కలిసి బస్సెక్కెను.