తాబేలు ముందు నడిచిన దండు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం ఎండని మడుగు ఒక్కటే. దానికోసం ఏటా యుద్ధం. యుద్ధానికీ ఒక పద్ధతుంది. ఒకనాడు వాగుకు ఇటువైపు జంతువుల వంతు, మర్నాడు వాగవతలి రేచుకుక్కల వంతు. తన వంతు కాని రోజు ఎవరూ అడుగు కదపకూడదు.

ఇటువైపు దండును నడిపే దళవాయి గురవప్ప, ముసలి అడవిదున్న. ఎవరెప్పుడు ఏమన్నారో చచ్చినా మరిచే రకం కాదు.

ఆ ఏడు ఆయన బలగాన్నంతా ఒక్కచోట పోగేశాడు. ఏనుగులు, ఎలుగులు, ముళ్లపందులు, ఆఖరికి మడుగు కాపలా కాసే అడవిపందులు కూడా.

"ఈ గుంపును చూస్తేనే కుక్కలకు వణుకు పుట్టాలి. వాటి గుహల మీదికే పోదాం," అన్నాడు.

వేగు చూసే కుందేలు ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "దొరా, పందుల్నైనా అక్కడే ఉంచండి. మడుగు పోతే మనకు నాలుకలెండుతాయి."

"మీ తాత నా పెళ్లివిందులో గడ్డి ముదిరిందన్నాడు. ఆ ఇంటి సలహా నాకక్కర్లేదు."

దండు కదిలింది. పెద్దవాళ్లను దాటి చిన్నవాళ్లు నడవడం గురవప్పకు గిట్టదు. అందరిలోకీ వయసులో పెద్దది తాబేలు తిమ్మక్క. ముందు ఆమె, వెనక ఏనుగులు.

"అవ్వా, కాస్త బిరబిరా నడువు," అంది ఒక ఏనుగు.

"మీ నాయన కూడా నా వెనకే నడిచాడు లేరా. ఆయనెప్పుడూ ఇట్లా సణగలా."

పొద్దుగూకేసరికి దండు రెండు పొదలు దాటింది.

మర్నాడు కుక్కలు చిన్నచిన్న గుంపులుగా చీలి, దండుకు ఇరుపక్కల నుంచీ తీరిగ్గా సాగిపోయాయి.

"దండాలు దళవాయిగారూ. కదలకండి, ఇయ్యాల మా వంతు," అంది వాటి నాయకురాలు.

సాయంత్రానికి మడుగు వాళ్లదైపోయింది.

తన వంతు రాగానే గురవప్ప, "వెనక్కి తిరగండి," అన్నాడు. తిరిగారు. దాంతో తిమ్మక్క చిట్టచివరికి పడింది.

"పెద్దావిడ వెనకనా? ముందుకు రానివ్వండి."

ఏనుగుల కాళ్లసందుల్లోంచి, అందరినీ పేరుపేరునా పలకరించుకుంటూ తిమ్మక్క ముందుకొచ్చేసరికి ఆ వంతు కాస్తా అయిపోయింది.

ఆ ఎండాకాలమంతా కుక్కలు తాగి వదిలిన బురదే వీళ్లకు దక్కింది. గురవప్ప దాన్ని మొహం మాడ్చకుండా తాగి, "మట్టినీళ్లు ఒంటికి మంచివి," అన్నాడు.

ఓటమికి కారణం తేల్చడానికి సభ పెట్టారు. బలగం చాలలేదని అందరూ ఒప్పుకున్నారు. పై ఏటికి నత్తలను కూడా చేర్చుకుంటున్నారు.

నీతి: ఓడిన దళవాయికి తక్కువపడేది ఎప్పుడూ బలగమే, బుద్ధి కాదు.