వెనక స్పీకర్ల ఏడుపు

ఆ బుధవారం పొద్దున అంబాదాస్ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నంలోగా ఇంట్లో హోమ్ థియేటర్ మోగించాలి. ఇరవై ఆరేళ్లుగా భవాని పేట్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తువాళ్లు నేస్తున్న మనిషికి ఈ కోరిక ఊరికే పుట్టలేదు. కొన్నాళ్లుగా టీవీలో వాళ్లంతా గుసగుసలాడుతున్నారు. లోపం తన చెవుల్లో ఉందేమోనన్న అనుమానాన్ని అతను గడప దాటనివ్వలేదు. కంపెనీలే నాసిరకం స్పీకర్లు పెడుతున్నాయని తేల్చేశాడు.

కొత్త సెట్టు ధర వినగానే, "నాలుగు వేలల్ల నేనే తయారు చేస్త" అని భార్య ద్రౌపదికి మాటిచ్చి, పదిహేను రోజులు పాత సామాన్ల దుకాణాలు గాలించాడు. మూతబడ్డ ఆర్కెస్ట్రా వాళ్ల ఆంప్లిఫయర్, తుక్కుకు పోయిన ఆటోలోని రెండు స్పీకర్లు, పెళ్లి మండపం వాళ్లు పారేసిన మరో రెండు తెచ్చాడు. వూఫర్‌కు పెట్టె మాత్రం ప్లైవుడ్ ముక్కలతో స్వయంగా కొట్టాడు. చూసినవాళ్లు కోళ్లగూడు అనుకున్నారు.

మరి సెలవు కావాలి కదా. తను పనిచేసే కార్ఖానా మాలక్ యాదగిరికి ఫోన్ చేసి, "ఛాతిల పట్టేసినట్టున్నది మాలక్, ఈరోజు రాలేను" అన్నాడు. ద్రౌపది చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వెళ్లింది. అంబాదాస్ తలుపు గడియ పెట్టి, పదడుగుల గదిలో ముందు రెండు, వెనక రెండు స్పీకర్లు బిగించి టీవీ పెట్టాడు.

సీరియల్ వస్తోంది. ఆసుపత్రి మంచం పక్కన ఒకావిడ నోరంతా తెరిచి ఏడుస్తోంది. అంబాదాస్‌కు వినిపించింది దోమ మూలిగినట్టు. వెనక స్పీకర్లయితే పూర్తిగా మూగవి. వైర్లు మార్చాడు, సౌండు పెంచాడు. మళ్లీ మార్చాడు, మళ్లీ పెంచాడు. చివరికి బొత్తాం ఇక తిరగనని మొండికేసింది.

గోడకవతల కండెలు చుడుతున్న పక్కింటి శారద చెయ్యి ఆగిపోయింది. "నన్ను ఒంటరిని చేసి వెళ్లిపోయావా!" అని ఆడగొంతు ఒకటి గుండెలు బాదుకుంటోంది. శారద పరుగున వచ్చి తలుపు కొట్టింది.

"బావా! ఓ అంబాదాస్ బావా!"

లోపలి మనిషి వూఫర్ వెనక తల దూర్చి ఉన్నాడు. పలకలేదు. శారద అటునుంచటే కార్ఖానాకు పరిగెత్తింది.

"మాలక్, అంబాదాస్ బావ ఇంట్ల ఏడుపులు! తలుపు తీస్తలేరు!"

యాదగిరి ముఖం పాలిపోయింది. "అరే దేవా! పొద్దున్నే ఛాతిల నొప్పని ఫోన్ చేసిండు. నేనే నాటకాలు చేస్తుండని తిట్టిన."

పేటలో చావు పనులకు పెద్దదిక్కయిన రాజయ్యకు ఆ మాట చాలింది. ఎవరు పోయినా తన చేతుల మీదుగా సవ్యంగా పోవాలన్నది ఆయన పట్టుదల. పది నిమిషాల్లో వెదురు కోసం ఒకరిని, దండ కోసం కొంతం చౌక్‌కు మరొకరిని తరిమాడు. కుంభారిలో ఉండే అంబాదాస్ తమ్ముడికి ఫోన్ కొట్టి, "లవకర్ రా, జల్ది రా, అన్న పోయిండు" అని చెప్పేశాడు. పోయినవాడిని ఒకసారి చూద్దామని ఎవరికీ తట్టలేదు.

గౌరవం కొద్దీ యాదగిరి తన సాంచాలు ఆపించాడు. అది చూసి పక్క కార్ఖానాల వాళ్లూ ఆపారు. పొద్దంతా సాంచాల మోతతో హోరెత్తే వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. గదిలో అంబాదాస్ మొహం వెలిగిపోయింది. ఆహా, ఎంత స్పష్టంగా వస్తోంది! తాను మార్చిన ఆఖరి వైరు మహిమేనని నమ్మాడు.

అప్పుడే ద్రౌపది వచ్చింది. వాకిట్లో చేరిన జనం సంగతి చెప్పారు. బీడీల బుట్ట వాకిట్లో పడేసి, "నేనెట్ల బతకాలె దేవుడో!" అని తలుపు మీద తల బాదుకుంటూ ఏడ్చింది. ఆమె వెంట ముప్పై మంది అందుకున్నారు. ఆ తలుపు సరిగ్గా అంబాదాస్ వీపు వెనక ఉంది.

"వెనక స్పీకర్లు మోగుతున్నయ్!" అని అతను చప్పట్లు కొట్టాడు.

ఇద్దరు భుజాలతో తోసేసరికి గడియ ఊడింది. ముందు దండతో రాజయ్య, వెనక జనం. పేట పేటంతా తన పనితనం చూడ్డానికి తరలివచ్చిందని అంబాదాస్ మురిసిపోయాడు.

"రాండ్రి, కూసోండ్రి! దండ ఎందుకు రాజయ్య మామా, నేనేం పెద్ద పని చేసిన!"

ద్రౌపది అతని రెండు చెంపలూ తడిమి, వెచ్చగా ఉన్నాయని నమ్మకం కుదిరాక, ఒకదాని మీద గట్టిగా వాయించింది. తరువాత టీవీ కట్టేసింది.

"ఇంతమంది మొత్తుకుంటే నీకు ఇనొస్తలేదా?"

"ఏంది?" అన్నాడు అంబాదాస్.

ఆమె మళ్లీ, నెమ్మదిగా అడిగింది. అతను ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. ద్రౌపది కోపం ఎటో పోయింది.

"ఎన్ని దినాలసంది గిట్లున్నది? నాకెందుకు చెప్పలే?"

అతను తల దించుకున్నాడు. "చెవులు పోయినయంటే మాలక్ పనికి రానిస్తడా?"

యాదగిరి గొంతు సవరించుకున్నాడు. "నాకు గూడ ఎడమ చెవి పనిజేస్తలేదు" అన్నాడు మెల్లగా.

మరుసటి వారం ఇద్దరూ కలిసే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. చెవికి మిషన్ పెట్టుకుని ఇంటికొచ్చిన అంబాదాస్ ఎంతో ఆశగా తన హోమ్ థియేటర్ వేశాడు. రెండంటే రెండు నిమిషాలు విన్నాడు. "ఇంత ఘోరమా!" అని తానే వైర్లన్నీ పీకేశాడు. ఉత్త టీవీయే చక్కగా వినిపించింది. ఆ సామానంతా రాజయ్య అడిగి మరీ పట్టుకెళ్లాడు. దీనికి ఇంకొంచెం సౌండు పెరగదా అని ఇప్పటికీ అడుగుతున్నాడు.

ఈమధ్య పేటలో ఎక్కడ ఏడుపు వినిపించినా, జనం మొదట అడిగేది ఏ చానలని.